ఖిలాషాపురము దారిలో

తెలుగున 'తెరువు' అను చక్కని మాట యొకటి కలదు. తెరువనగా దారి. దారిన పోవువాడు తెరువరి. ఆ తెరువరి నడ్డగించి దోచుట తెరువాటు. అట్లు దోచువాడు తెరువాటుకాడు. బాటసారియు, బాట కొట్టువాడును ఒకే మాట కడుపున పుట్టిన బిడ్డలు! నేను పండిత శిక్షణ పొందుచు నిఘంటువులు తిరుగవేయు దినములలో ఈ సంగతి గుర్తించి మిక్కిలి ముచ్చటపడితిని. ఇక మనము పెద్దబాటకు వాడుచున్న 'రహదారి' యను పదము పారసీకము నుండి వచ్చినది. దానికి దారిని కాచుట యనియు, అందులకై వసూలు చేయు సుంకమనియు పూర్వము అర్థములుండెను. దారి కాచినందులకు సర్కారు పుచ్చుకొను సొమ్మొకటి. దారి కాచి దొంగ పుచ్చుకొను సొమ్మొకటి. మాటలలో భేద మెంత స్వల్పమో చూడుడు.

ఈ ముచ్చట నాకు చాలకాలము నిఘంటువులోని ముచ్చటగానే యుండెను. దానిని అక్కడ నుండి బయటికి లాగినవాడు ఎనిమిదవ తరగతి చదువుచున్న యొక బాలుడు.

అది 1987వ సంవత్సరము. నేను తెలుగు పండితుడనై ఉద్యోగములో చేరి మూడేండ్లయినది. అప్పటి వరంగల్లు జిల్లాలో, జనగామకు అంత దూరము కాని యొక పల్లెలోని ఉన్నత పాఠశాలలో పని చేయుచుంటిని. ఒకనాడు పిల్లలకు 'నాకు నచ్చిన వీరుడు' అను విషయముపై వ్యాసము వ్రాయుమని చెప్పితిని. నలువదిమంది వ్రాసిరి. అందు సగము శివాజీ. మిగిలినవారిలో చాలమంది అల్లూరి సీతారామరాజు. ఇద్దరో ముగ్గురో కొమురం భీము. ఒక్కడు మాత్రము సర్వాయి పాపన్నను గూర్చి వ్రాసెను. వాడు గీతకార్మికుని కుమారుడు. చదువున మధ్యరకము. దస్తూరి కుదురుగా నుండదు. కాని ఆ వ్యాసము నాలుగు పుటలు సాగినది. అంతకు ముందు వాడు ఒక పుట దాటి వ్రాసినదే లేదు.

నేను దానిని పూర్తిగా చదువనైనను లేదు. మొదటి పుటలోనే "పాపన్న దారిలో కాపు వేసి షావుకార్లను కొట్టెను" అను వాక్యము కనబడెను. ఎఱ్ఱసిరాతో ఆ పుటకు ఒక మూలనుండి ఇంకొక మూలకు గీత గీచి, "దొంగలను గూర్చి వ్రాయరాదు" అని క్రింద వ్రాసితిని. మార్కు వేయలేదు. తరగతిలో పుస్తకములు తిరిగి ఇచ్చునపుడు ఆ మాట పదిమంది వినునట్లు చదివితిని గూడ. పిల్లలు నవ్విరి. వాడు పుస్తకము తీసికొని తన చోటికి పోయి కూర్చుండెను.

మరునాడు ఉదయము ఆ బాలుని తండ్రి పాఠశాలకు వచ్చెను. చెట్లు దిగి నేరుగా వచ్చినట్లున్నాడు. భుజమున మోకు ఇంకను వ్రేలాడుచునే యుండెను. నేను కయ్యమునకు వచ్చినాడనుకొంటిని. ఆతడు గుమ్మము వెలుపలనే నిలిచి దండము పెట్టెను.

"సారూ, మా పోరడు పాపన్న మీద రాసిండట. మీరు కొట్టేసిండ్రట. తప్పు రాసిండా?"

"పాపడు దారిదోపిడి చేసినవాడు గదా, గౌడా! అట్టివానిని వీరుడని పిల్లవాడు వ్రాసిన నేనెట్లు ఒప్పుకొందును?"

ఆతడు కొంచెముసేపు నేల చూచెను. "మేము సదువుకున్నోళ్ళం కాదు సారూ. మాకు పాటనే పుస్తకం. ఎల్లుండి రాత్రి మా వాడకు శారదోళ్ళు వస్తున్నరు. ఒక్కపాలి వచ్చి ఇనుండ్రి. ఇన్నంక మీరు తప్పంటే తప్పే."

పిలిచిన తీరులో కోపము లేదు. అందుచేతనే కాదనలేకపోతిని.

ఆ రాత్రి ఆ వాడలో వేపచెట్టు క్రింద గోనెలు పరచిరి. నా కొకరు కుర్చీ తెచ్చి వేసిరి. తంబుర భుజమున మోపి, వ్రేళ్ళకు అందెలు తగిలించుకొన్న యొక వృద్ధుడు కథ యెత్తుకొనెను. ప్రక్కన ఇద్దరు వంత పాడిరి. కథ తెల్లవారుజాము వరకు సాగినది. కులవృత్తి చేసికొని బ్రదుకుమని తల్లి బుద్ధి చెప్పుట, కొడుకు ఒప్పుకొనక గోలకొండను కొట్టెదనని ప్రతిన పూనుట, వాని వెంట ఒక్కొక్కరే వచ్చి చేరుట — ఇది కథలోని మొదటి భాగము. వచ్చి చేరినవారి పేర్లు పాడునపుడు వినువారు కదలి కూర్చుండిరి. చాకలి యొకడు, మంగలి యొకడు, కుమ్మరి యొకడు, మేదరి, యెరుకల, యానాది, దూదేకుల, తురక — ఊరి అంచుల నుండువా రెందరో అంద రా పట్టికలో నున్నారు. ఒక్కొక్క పేరు వచ్చినపుడు ఆ కులమువాడు ఆ గుంపులో నున్నచో ప్రక్కవాడు వానిని మోచేతితో పొడిచి నవ్వుచుండెను. మన పాఠ్యపుస్తకములలోని యే రాజు కథలోను వారి తాతముత్తాతల పేర్లు కనబడవు. ఇందు కనబడినవి. ఈ సంగతి నాకు ఆ రాత్రియే తట్టినదని చెప్పికొనుట కంటె, తట్టుటకు చాల ఏండ్లు పట్టినదని చెప్పుట నిజము. ఆ రాత్రి నాకు నిద్ర వచ్చుచుండెను, దోమలు కుట్టుచుండెను.

ఆ పై ఆదివారమున గౌడు, వాని కుమారుడు, నేను ముగ్గురము ఖిలాషాపురమునకు పోతిమి. ఈ యూరు నేటి జనగామ జిల్లాలో రఘునాథపల్లి మండలమున నున్నది. పాత చరిత్రలలో దీని పేరు షాపురము. ఊరి నడుమ నల్లని రాళ్ళతో కట్టిన కోట యున్నది. పెద్ద బురుజులు, ఎత్తైన గోడలు, గోడల సందులలో మొలచిన రావి మొక్కలు. ఓరుగల్లు కోటతోగాని గోలకొండతోగాని పోల్చిన ఇది చిన్నదే. కాని కట్టినవాడు రాజకుమారుడు కాడు, కల్లుగీచు ఇంటి బిడ్డ యని తలచుకొన్నపుడు చిన్నదిగా తోచదు. బురుజు మీద నిలిచి చూచితిమి. రహదారి కంటికి కనబడలేదు గాని అది పోవు దిక్కు తెలియుచుండెను. హైదరాబాదు నుండి భువనగిరి, జనగామల మీదుగా ఓరుగల్లునకు పోవు ఆ బాట నాడును ముఖ్యమైనదే. దానిపై పోవు ఎడ్లబిడారులు, గుఱ్ఱములు, పల్లకీలు ఎవని కన్నుగప్పి పోగలవు? కోటకు చోటెన్నుకొన్నవాడు దారిని చక్కగా చదివినవాడు.

పిల్లవాడు బురుజు మీద పరుగులెత్తుచు నాకు ఏదో చూపవలెనని ఆరాటపడుచుండెను. నేను వానితో ఆ యెఱ్ఱగీతను గూర్చి మాటాడవలెనని పోయినప్పుడనుకొంటిని. మాటాడలేదు. ఉపాధ్యాయుడు పిల్లవానితో 'నేను పొరపడితిని' అనుట నాకప్పుడు నోట రాలేదు. మరుసటి సంవత్సరము నాకు బదిలీ యయ్యెను.

ఆ కాలమున దారి నడుచుట యెట్టిదో మీకు కొంచెము చెప్పవలెను. ఇప్పుడు మీరు ఉదయము బస్సెక్కి మధ్యాహ్నమునకు మరియొక పట్టణమున దిగెదరు. దారిలో భయపడవలసినది గతుకులకే. పూర్వము అట్లు కాదు. కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని సామెత పుట్టినది. పాపని కాలమునకు నూటయిరువది యేండ్ల తరువాత కూడ, 1830 మే 18న చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఒంటరిగా పోలేదు. నూరుమంది దాక పరివారముతో కదలెను. ఏ రాజ్యమైనను కోట దగ్గర గట్టిగా నుండును. కోటకు దూరమగుకొలది పలుచబడును. ఒకని అధికారము ముగిసి ఇంకొకనిది ఇంకను కుదురుకొనని చోట, అడవిలోను, కొండసందులలోను, ఎల్లలయందును తెరువాటుకాడు పుట్టును. వానికి ఎల్లయే ఇల్లు. తరుమువాడు ఈవలి సీమవాడైన వీడు ఆవలికి దాటును.

1687లో ఔరంగజేబు గోలకొండను గెలుచుకొన్న తరువాత తెలంగాణమంతయు అట్టి ఎల్లగా మారెను. పాత నవాబు పోయెను. కొత్త దొరలు వచ్చిరి. వారి దృష్టి పన్నులపైనను, మహారాష్ట్రులతో తెగని యుద్ధముపైనను ఉండెను. దారులు కాచుటకు ఫౌజుదారులను నియమించిరి. కాని ఫౌజుదారునకు చేతినిండ సైన్యము లేదు. ఉన్న సైన్యమునకు వేళకు జీతము లేదు. పాపడు తలయెత్తినది ఈ సందున.

ఈ సంగతులు నేను పుస్తకములలో చదువుటకు చాల కాలము పట్టినది. ఆంగ్లమున పెద్ద గ్రంథములు చదువు అలవాటు నాకు లేదు. రిచర్డ్ ఈటన్ అను అమెరికా దేశపు చరిత్రకారుడు 2005లో దక్కను సాంఘిక చరిత్రను ప్రచురించి, అందులో పాపని కొక అధ్యాయమే కేటాయించెను. చరిత్ర బోధించు నా మిత్రుడు ఒక వేసవి సెలవులలో దానిని తెచ్చి, వాక్యము వాక్యము నాకు తెలుగున చెప్పెను. అందు రెండు ఆధారములు కలవు. ఒకటి ఖాఫీ ఖాను అను మొగలు చరిత్రకారుడు పారసీకమున వ్రాసిన వృత్తాంతము. రెండవది మన పాట! జె.ఎ. బాయిల్ అను ఆంగ్లేయుడు 1874లో 'ఇండియన్ ఆంటిక్వరీ' యను పత్రికయందు దాని నొక రూపమున ప్రకటించెనట. నేను కుర్చీపై కునుకుచు వినిన కథను వందయేండ్లకు పూర్వమే యొక విదేశీయుడు శ్రద్ధగా వ్రాసికొన్నాడని తెలిసినపుడు నాకు కలిగిన సిగ్గు ఇంతయని చెప్పలేను.

ఖాఫీ ఖాను పాపని మిత్రుడు కాడు. అతని దృష్టిలో పాపడు కేవలము దొంగ. అయినను ఆతడు వ్రాసిన కథ వినుడు. పాపడు మొదట ధనవంతురాలైన తన సోదరినే దోచి, ఆ సొమ్ముతో మనుష్యులను కూర్చుకొని, తాటికొండయను చోట నొక గుట్టపై కోట కట్టి బాటలు కొట్టనారంభించెను. తరిమివేయగా కౌలాసు జమీందారగు వెంకటరావు కొలువున చేరెను. కౌలాసు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలు ఒరసికొను ఎల్లలోనిది. అక్కడను బుద్ధి మారలేదు. జమీందారు వానిని చెఱలో వేసెను. జమీందారు కుమారునకు జబ్బు చేయగా, బిడ్డ బ్రదికిన పుణ్యమగునని అతని భార్య ఖైదీలను విడిపించెను. పాపడును విడుదలయై షాపురము చేరెను. ఇది రాజాస్థానపు చరిత్రయా, నా వేపచెట్టు క్రింది కథయా? చరిత్రకారుని కలమునకు తెలియకుండ జానపదుని తంబుర అందు మ్రోగినట్లు తోచును.

షాపురము కోట మొదటిసారి మొగలుల చేత పడెను, పాపడు తప్పించుకొనెను. వారు మరలిపోగానే తిరిగివచ్చి మునుపటికంటె గట్టిగా కట్టెను. వానిని పట్టుకొన వచ్చిన కొలనుపాక ఫౌజుదారు పోరున మరణించెను. ఇంకొక చిత్రమైన సంగతి: లంబాడీల బిడారులనుండి లాగికొన్న వేలకొలది ఎద్దులను పాపడు తన పొలములు దున్నుటకు పెట్టెనట. దారి కొట్టినవాడు అరక కట్టించుట! వాడు ఉత్త దొంగగా నుండక దొరగా పాదుకొనుటకు ప్రయత్నించుచుండెనని దీనివలన తెలియుచున్నది. కాని ఆ ఎద్దులు పోయిన లంబాడీవాని సంగతి? వాడు సైతము షావుకారు కాడు. ఎద్దుల వెంట అడవులు కొలుచు బీదవాడే. పాటలో ఆ ఎద్దులు కనబడవు.

1707లో ఔరంగజేబు మరణించెను. కుమారులు సింహాసనమునకై పోరుచుండిరి. హైదరాబాదును కనిపెట్టువాడు లేడు. 1708 ఏప్రిల్ 1న మొహర్రము పదవ దినము. దాని ముందటి రాత్రి ఓరుగల్లు నగరము పండుగ సన్నాహములలో మునిగియుండగా, పాపడు రెండు మూడు వేల కాల్బలముతోను, నాలుగైదు వందల గుఱ్ఱపుదళముతోను వచ్చిపడెను. కొందరు దారులు మూసిరి. కొందరు ఉచ్చుత్రాళ్ళు విసరి కోటగోడ లెక్కిరి. నా మిత్రుడు ఈ వాక్యము చదివినపుడు నాకు తటాలున ఆ గౌడు భుజము మీది మోకు జ్ఞప్తికి వచ్చెను. దినమునకు పది తాళ్ళెక్కి దిగువానికి కోటగోడ యొక లెక్కా!

రెండు మూడు దినములు దోపిడి సాగినది. ఓరుగల్లు తివాచీలకు ప్రసిద్ధి. మోయలేని పెద్ద తివాచీలను ముక్కలుగా కోసి తీసికొనిపోయిరి. ఇంతవరకు వినుటకు ఉత్సాహముగానే యుండెను. తరువాతి వాక్యము వద్ద మిత్రుని గొంతు తగ్గెను. నగరములోని పెద్దయిండ్ల స్త్రీలను, బిడ్డలను వేలకొలదిగా చెఱపట్టి షాపురమునకు నడిపించిరి. వారిలో నగరపు కాజీ భార్యయు, చిన్న కూతురును ఉండిరి. నేను పిల్లవానితో కలిసి గాలి పోసికొన్న ఆ కోటలోనే వారిని ఉంచిరి. నేను ఆ దినమంతయు మరి చదువుమని అడుగలేదు.

ఖాఫీ ఖాను శత్రుపక్షమువాడు గనుక పెంచి వ్రాసియుండవచ్చునని నా మిత్రుడు సముదాయించెను. పెంచియుండవచ్చును. అంకెను సగము చేయుము, పాతిక చేయుము. అప్పుడైనను తల్లుల ఏడ్పు మిగులును.

ఇక దీనిని మించిన ఘట్టమొకటి యున్నది. 1709 జనవరిలో కొత్త పాదుషా బహదూరు షా హైదరాబాదునకు వచ్చెను. పాపడు ఆయన దర్బారునకు పోయెను. పట్టుబడి కాదు, పిలువబడి! పదునాలుగు లక్షల రూపాయలు కానుకగా సమర్పించెను. పాదుషా దానిని స్వీకరించి, కల్లుగీచు ఇంటి బిడ్డకు గౌరవవస్త్రము కప్పెను. ఆ పదునాలుగు లక్షలు ఎవరివి? ఓరుగల్లు నేతగాండ్రవి, భువనగిరి వర్తకులవి, బాటలో గోచి మిగిలిన తెరువరులవి. దొంగసొమ్ము పాదుషా చేతిలో పడగానే పేష్కషు అయినది. నా ఎఱ్ఱసిరా ఆనాడు ఆ దర్బారులో నుండినచో ఎవరి పేరు మీదుగా గీత గీయవలసియుండెనో యని నే నిప్పటికిని ఆలోచించుచుందును.

నగరపు పెద్దలు మొఱపెట్టుకొనగా పాదుషాకు తన మర్యాద జ్ఞప్తికి వచ్చి, పాపని పట్టుకొనుమని ఆజ్ఞ యిచ్చెను. తరువాతి సంగతులు వేగముగా నడచెను. షాపురపు చెఱలోని బందీలు సంకెలలు కోసికొని తిరుగబడి కోటనే పట్టుకొనిరి. బందీలలో పాపని బావమరది యొకడు; తన అన్నకు భోజనముతోపాటు ఆకురాళ్ళు పంపినది పాపని భార్యయే. ఆమె పేరును ఖాఫీ ఖాను మనకు చెప్పలేదు. ఆ ఒక్క ఇల్లాలిమీద ఎవరైన నాటకము వ్రాయవచ్చును. పాపడు తాటికొండకు పోయెను, అదియు ముట్టడింపబడెను, 1710లో అక్కడ నుండియు జారుకొని, వేషము మార్చి, హసనాబాదను ఊరిలో నొక కల్లు అంగడిలో కూర్చుండి మంచి కల్లు తెమ్మని అడిగెను. అంగడివాడు గొంతు గుర్తుపట్టెను. "మేలైనది తెచ్చెద"నని పోయి, వానిని పట్టువారిని తెచ్చెను. కులవృత్తి చేయనని తల్లి మాట కాదని పోయినవాడు తుదకు కల్లుకుండ ముందే చిక్కెను. పాపని చంపి, తలను పాదుషాకు పంపి, శరీరమును హైదరాబాదు నగరద్వారమున వ్రేలాడదీసిరి.

నేను 2018లో ప్రధానోపాధ్యాయుడనుగా విశ్రాంతి పొందితిని. మరుసటి ఏడు ఒకనాడు హైదరాబాదునుండి హనుమకొండకు ఆర్టీసీ బస్సులో పోవుచుంటిని. దిగునపుడు బస్సు నడిపినాయన దిగివచ్చి నా సంచి అందుకొనెను. నెఱసిన మీసము. "సారూ, గుర్తు పట్టలే గదా! పాపన్న మీద రాసినోణ్ణి." వాడే! పందొమ్మిది ఏండ్లుగా ఆ రహదారి మీదనే బస్సు నడుపుచున్నాడు. తండ్రి కాలము చేసినాడని చెప్పెను. ఇద్దరము ఆ వారమే మరల ఖిలాషాపురమునకు పోవుటకు నిశ్చయించుకొంటిమి.

కోటలో నా మోకాళ్ళు సహకరించినంత మేరకు ఎక్కితిని. అక్కడ కూర్చుండి నేను చదివినదంతయు వానితో చెప్పితిని: సోదరిని దోచినది, ఎద్దులు, త్రాళ్ళు, పదునాలుగు లక్షలు, కల్లు అంగడి. వాడు నడుమ నడుమ నవ్వుచు వినుచుండెను. త్రాళ్ళ సంగతి చెప్పినపుడు, "మా నాయిన ఇంటే ఎంత సంబురపడునో" అనెను. చెఱపట్టబడిన స్త్రీల సంగతి చెప్పుటకు నేను చాల తడబడితిని. ఒకనాడు చదువకయే వీని వీరుని కొట్టివేసితిని. నేడు చదివివచ్చి మరల కొట్టివేయుచున్నానా యనిపించెను. అయినను దాచలేదు.

వాడు చాలసేపు మాటాడలేదు. క్రింద ఎవరో మేకలను కోట ప్రక్కగా తోలుకొని పోవుచుండిరి.

"ఆ మాట పాటల లేదు సారూ."

"లేదు. ఆతని వెంట నడచిన చాకలి, మంగలి, కుమ్మరి పేర్లు చరిత్రలో లేవు. అవి పాటలోనే యున్నవి."

"ఈడనే ఉంచిండ్రా, వాళ్ళను?"

"ఈ కోటలోనే యని వ్రాసియున్నది."

వాడు లేచి బురుజు చివరకు పోయి లోపలి ఆవరణము వైపు చూచెను. చిన్ననాడు అక్కడనే పరుగులెత్తినాడు. ఇప్పుడు నిదానముగా చూచెను. కూలిన గోడలను, తుమ్మచెట్లను ఒక్కొక్కటిగా.

దిగి రఘునాథపల్లి వద్ద పెద్దబాటకు వచ్చుసరికి ప్రొద్దు వ్రాలినది. లారీలు, కారులు తెంపులేక పోవుచున్నవి. బస్సు కొఱకు నిలిచియున్నాము. వాడు తాను పుట్టి పెరిగిన దారిని చూచుచు ఉన్నట్టుండి అనెను: "సారూ, ఆ వ్యాసానికి మీరు మార్కు ఏయనే లేదు."

"జ్ఞప్తి యున్నది."

"ఇప్పుడేస్తే ఎన్నేస్తరు?"

ముప్పదిరెండేండ్లు ఆలస్యముగా నేను అడుగవలసిన మాట అడిగితిని. "ఆ రోజున నేను మొదటి పుట దాటి చదువలేదు. నాలుగు పుటలలో ఏమేమి వ్రాసితివో చెప్పుము, చూతము."

వాడు తల గోకికొనెను. "మొదలు మా నాయిన సంగతి రాసిన సారూ. ఆయన చెట్టు మీదికెళ్ళి పడ్డ సంగతి..." అని ప్రారంభించెను. అంతలో బస్సు వచ్చినది. నడుపువాడు వీనికి తెలిసినవాడే. ముందు వరుసలో ఇద్దరికి చోటు చూపించెను. జనగామ వచ్చువరకు వాడు ఆ వ్యాసమును చెప్పుచునే యుండెను, నేను వినుచునే యుంటిని.